కమ్యూనిటీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్: ఆ వాట్సాప్ సందేశంలో నిజమెంత?

కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబాల మధ్య ఒక సందేశం బాగా తిరుగుతోంది. రెండేళ్ల చదువు చెప్పే కమ్యూనిటీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్ (పోలీసు, కోర్టు, జైలు వ్యవస్థల గురించిన చదువు) చదివితే ఆ యూనిట్లు, అంటే కోర్సులకు వచ్చే క్రెడిట్లు, యూనివర్సిటీలో చెల్లవట, పోలీసు ఉద్యోగానికి తప్ప ఎందుకూ పనికిరాదట, చదువు అబ్బనివాళ్లే అందులో చేరతారట, డబ్బంతా నీళ్లపాలట. మా అమ్మాయి చదువుతున్నది అదే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

యూనిట్లు చెల్లవన్నది అబద్ధం. 2010లో ఈ రాష్ట్రం చేసిన చట్టం వల్ల ట్రాన్స్‌ఫర్ కోసమే, అంటే అక్కడి నుంచి యూనివర్సిటీకి మారడం కోసమే, ప్రత్యేకంగా అసోసియేట్ డిగ్రీలు (రెండేళ్ల డిగ్రీలు) వచ్చాయి. మన సబ్జెక్టును అక్కడ 'అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్' అంటారు. 60 యూనిట్లతో, తగిన గ్రేడ్లతో ఆ డిగ్రీ పూర్తిచేస్తే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో మూడో సంవత్సరంలో సీటు ఖాయం. అదే కోవకు చెందిన కోర్సులో చేరితే మరో 60 యూనిట్లతో బ్యాచిలర్ డిగ్రీ పూర్తవుతుంది. కోరిన క్యాంపస్సే దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు. ట్రాన్స్‌ఫర్‌కు ఉద్దేశించని డిగ్రీ కూడా కొన్ని కాలేజీల్లో ఉంటుంది. తెలియక దానిలో చేరి నష్టపోయినవారి అనుభవమే ఈ పుకారుకు మూలమై ఉండవచ్చు. కౌన్సెలర్‌ను మొదట అడగవలసింది ఈ సంగతే.

ఇక పోలీసు ఉద్యోగం. నిజానికి ఈ డిగ్రీ ఒక్కటే ఎవరినీ పోలీసును చేయదు. ఇక్కడ పోలీసు అకాడమీలో కనీసం 664 గంటల శిక్షణ పొందవలసిందే. మరోవైపు ప్రొబేషన్ శాఖ (జైలుకు బదులు షరతులతో బయట ఉన్న నేరస్థులను పర్యవేక్షించేది), కోర్టు కార్యాలయాలు, బాల నేరస్థుల కేంద్రాలు ఈ చదువుకు దగ్గరివి. లా స్కూలులో చేరడానికి ఫలానా సబ్జెక్టే చదివి ఉండాలన్న నియమమూ లేదు. నేర పరిశోధన ప్రయోగశాలలో పనిచేయాలనుకునేవారు మాత్రం కెమిస్ట్రీయో బయాలజీయో చదవడం మేలు.

చదువు అబ్బనివాళ్లు అన్న మాటే నన్ను ఎక్కువ బాధించింది. నివేదికలు రాయడం నేర్పే క్లాసులో ఒక వీడియో చూపించారు. "ఒక వ్యక్తి అనుమానాస్పదంగా తిరుగుతున్నాడు" అని మా అమ్మాయి రాసింది. టీచరు ఆ వాక్యం కొట్టేసి, పక్కన "నువ్వు చూసిందేమిటి?" అని రాశారు. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర నాలుగుసార్లు తిరగరాసింది. చివరికి మిగిలిన వాక్యం: "అతను వరుసగా మూడు కార్ల తలుపులు లాగి చూశాడు."

తర్వాతి వారం 1968 నాటి టెర్రీ కేసు చదివారు. క్లీవ్‌లాండ్ నగరంలో ఇద్దరు మనుషులు ఒకే దుకాణం ముందు సుమారు పన్నెండుసార్లు అటూ ఇటూ నడిచి లోపలికి తొంగిచూడటం ఒక డిటెక్టివ్ గమనించాడు. వాళ్లను ఆపి, దుస్తుల పైనుంచి తడిమి చూశాడు. అమెరికా సుప్రీంకోర్టు ఆ తనిఖీని సమర్థించింది. అయితే ఊహ చాలదని, అనుమానానికి ఆధారమైన నిర్దిష్ట విషయాలను అధికారి చెప్పగలగాలని అంది. ఒక మనిషిని వీధిలో ఆపడం న్యాయమా కాదా అన్నది అధికారి తాను చూసిందేమిటో చెప్పే వాక్యాన్ని బట్టే తేలుతుంది. టీచరు ఎందుకు కొట్టేశారో మా అమ్మాయికి అప్పుడు అర్థమైంది, నాకూ అర్థమైంది.

డబ్బు సంగతంటారా, రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్లకు 2,760. పుస్తకాలు, చిన్న చిన్న రుసుములు వేరు. ఇంటి నుంచే బస్సులో వెళ్లివస్తోంది కాబట్టి గది అద్దె లేదు. ఒక్క డాలరు అప్పు చేయకుండా వచ్చే ఏడాది ట్రాన్స్‌ఫర్‌కు దరఖాస్తు చేయబోతోంది.