కొవ్వాడ రియాక్టర్లు ఆలస్యమైతే బిల్లు ఎవరికి?

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగల్ అణు విద్యుత్ కేంద్రం నాలుగో యూనిట్ 2024 ఏప్రిల్ 29న వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చింది. మూడో యూనిట్ అంతకు తొమ్మిది నెలల ముందు, 2023 జూలై 31న మొదలైంది. నిజానికి ఈ రెండూ 2016, 2017లలోనే కరెంటు ఇవ్వాల్సినవి. సుమారు 1,400 కోట్ల డాలర్లతో అయిపోతుందనుకున్న పని 3,000 కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో 2017 మార్చిలో, ఆ రియాక్టర్లను డిజైన్ చేసిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ దివాలా పిటిషన్ కూడా వేసింది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ తీరంలో పెట్టాలనుకుంటున్నవి అదే కంపెనీ డిజైన్ చేసిన, అదే ఏపీ1000 (AP1000) రకం రియాక్టర్లు. ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు.

అణు విద్యుత్తు మీద మన దగ్గర వాదన రేడియేషన్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. వద్దనేవాళ్లు జపాన్‌లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా ఫొటోలు చూపిస్తారు. కావాలనేవాళ్లు ఎక్కువ కరెంటు అణు కేంద్రాల నుంచే తీసే ఫ్రాన్స్‌ను చూపిస్తారు. నన్నడిగితే కొవ్వాడకు అసలు రిస్క్ రియాక్టర్ లోపల కన్నా కాంట్రాక్టులో ఎక్కువుంది. పని ఆలస్యమైతే వడ్డీ ఎవరు కట్టాలి, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరివ్వాలి అన్నవి కాగితం మీద తేలేదాకా అక్కడ ఒక్క తట్ట కాంక్రీటు కూడా పోయకూడదు.

ముందు ఇంధనం సంగతి చూద్దాం, ఎందుకంటే అణు విద్యుత్తు చవక అన్న మాట పుట్టింది అక్కడే. తెలుగు నేల మీద అణు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు గానీ, దేశంలోని అణు కేంద్రాలకు కావాల్సిన సరంజామా చాలావరకు మన దగ్గర్నుంచే వెళ్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతారు. మన స్వదేశీ రియాక్టర్లలో మామూలు నీటి బదులు వాడే భారజలం మణుగూరులో తయారవుతుంది. హైదరాబాద్ ఈసీఐఎల్ వైపు తిరిగేవాళ్లకు తెలిసిన అణు ఇంధన సముదాయం, ఎన్‌ఎఫ్‌సీ, 1971 నుంచీ ఉంది. భారజల రియాక్టర్లకు దశాబ్దాలుగా ఇంధనం పంపుతున్నది ఆ ఫ్యాక్టరీయే. పాత 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడే ఇంధన కట్ట అర మీటరు పొడవుంటుంది. జిర్కోనియం మిశ్రమంతో చేసిన 19 సన్నటి గొట్టాలు, వాటిలో యురేనియం ఆక్సైడ్ బిళ్లలు, అంతా కలిపి 16 కిలోలు దాటి ఉంటుంది. మనిషి రెండు చేతులతో ఎత్తగలిగిన ఆ కట్ట రియాక్టర్‌లో ఉన్నంతకాలంలో సుమారు 6 లక్షల యూనిట్ల కరెంటు ఇస్తుంది. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇళ్లు రెండు వందల యాభై ఉంటే వాటికి ఏడాది సరిపోతుంది. అంత కరెంటు బొగ్గుతో కావాలంటే 400 టన్నుల దాకా తగలబెట్టాలి.

అయితే ఇంధనం చవకైనంత మాత్రాన కరెంటు చవక కాదు. అణు కేంద్రంలో డబ్బంతా కట్టేటప్పుడే పోతుంది. ఉదాహరణకు 1,000 మెగావాట్ల రియాక్టర్‌కు మెగావాట్‌కు 20 కోట్ల చొప్పున 20 వేల కోట్లు అవుతుందనుకోండి. అందులో 70 శాతం అప్పు. ఆ 14 వేల కోట్ల మీద 8 శాతం వడ్డీ అంటే ఏడాదికి 1,120 కోట్లు. రియాక్టర్ 85 శాతం లోడ్ ఫ్యాక్టర్‌తో, అంటే పూర్తి సామర్థ్యంలో 85 శాతం కరెంటు ఇస్తూ, బాగా నడిస్తే ఏడాదికి 745 కోట్ల యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్‌కు రూపాయిన్నర వడ్డీకే సరి. ఇంకా అసలు తీర్చలేదు, జీతాలివ్వలేదు, ఇంధనం కొననే లేదు. పైగా ఇదంతా పని టైముకు పూర్తయితే. అప్పు మొత్తం తీసుకున్నాక ఐదేళ్లు ఆలస్యమైందంటే, వడ్డీ మీద వడ్డీ కలిసి మరో ఆరున్నర వేల కోట్లు అసలులో చేరతాయి. ఒక్క యూనిట్ కూడా పుట్టకముందే.

ఆలస్యం పరాయివాళ్ల జబ్బేమీ కాదు. గుజరాత్‌లోని కాక్రపార్ మూడో యూనిట్ మన సొంత 700 మెగావాట్ల భారజల డిజైన్‌లో మొదటిది. 2010 నవంబరులో పని మొదలుపెడితే 2023 జూన్ 30కి వాణిజ్య ఉత్పత్తి వచ్చింది. మూడు, నాలుగు యూనిట్లకు కలిపి వేసిన 11,459 కోట్ల అంచనా చివరికి దాదాపు రెట్టింపైంది. కూడంకుళం మొదటి రెండు యూనిట్లదీ ఇదే తంతు. 13,171 కోట్ల అంచనా 22,462 కోట్లకు చేరింది. అయినా ఈ అంకెల్ని వోగల్ పక్కన పెట్టి చూడండి. అక్కడ రెండు యూనిట్లూ కలిసి 2,234 మెగావాట్లు. మెగావాట్ ఖర్చు మన డబ్బుల్లో వంద కోట్లు దాటింది. 2017లో కేంద్రం ఆమోదించిన పది స్వదేశీ రియాక్టర్లకు వేసిన లెక్క మెగావాట్‌కు 15 కోట్లు. అమెరికా కూలీ రేట్లు ఇక్కడుండవు నిజమే. చైనా ఇవే ఏపీ1000లను చాలా తక్కువకే కట్టింది. కానీ అక్కడ కూడా సాన్‌మెన్ మొదటి యూనిట్ 2009లో మొదలై 2018 దాకా నడవలేదు.

దక్షిణ కరోలినా కథ ఇంకా ఘోరం. అక్కడి వీసీ సమ్మర్ కేంద్రంలో రెండు ఏపీ1000ల మీద సుమారు 900 కోట్ల డాలర్లు పోసి, 2017 జూలైలో పని మధ్యలోనే వదిలేశారు. ఎన్నటికీ రాని కరెంటుకు జనం బిల్లుల్లో డబ్బు కట్టారు. పని సవ్యంగా సాగుతోందని అబద్ధాలు చెప్పినందుకు, ఆ కేంద్రాన్ని కట్టించిన స్కానా కంపెనీ మాజీ సీఈఓ కెవిన్ మార్ష్‌కు 2021లో రెండేళ్ల జైలు పడింది.

నడపడంలో మాత్రం మనవాళ్లకు పేరుంది. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా ఏకబిగిన 962 రోజులు ఆగకుండా నడిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. తర్వాత కెనడాలోని డార్లింగ్టన్ 1,106 రోజులతో దాన్ని దాటింది. రెండూ భారజల రియాక్టర్లే కావడం కాకతాళీయం కాదు. వీటిలో రియాక్టర్ నడుస్తుండగానే ఇంధన కట్టలు మార్చవచ్చు. ఏపీ1000లో ఇంధనం మార్చాలంటే ఏడాదిన్నరకోసారి ఆపాల్సిందే.

ఇక భద్రత. రియాక్టర్‌ను ఆపడం సెకన్ల పని. ఆపిన తర్వాతే టెన్షన్ మొదలవుతుంది. యురేనియం అణువులు వరుసగా చీలే గొలుసు చర్య ఆగినా ఇంధనంలో పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఏపీ1000 ఉష్ణ సామర్థ్యం 3,400 మెగావాట్లు. ఆపిన క్షణంలో అందులో 6, 7 శాతం, అంటే 200 మెగావాట్ల పైనే వేడి మిగిలి ఉంటుంది. మర్నాటికి కూడా పదిహేను మెగావాట్ల పైమాటే. దాన్ని తీసేయడానికి నీళ్లు తిరగాలి, నీళ్లు తిరగాలంటే కరెంటు కావాలి. 2011 మార్చి 11న ఫుకుషిమాలో భూకంపానికి రియాక్టర్లు చక్కగా ఆగిపోయాయి. తర్వాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది. అదే తీరంలో, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా కేంద్రం తట్టుకుంది. యానోసుకె హిరాయ్ అనే ఇంజనీరు దాన్ని సముద్ర మట్టానికి 14.8 మీటర్ల ఎత్తున కట్టాలని అప్పట్లో పట్టుబట్టాడు. ఖర్చు దండగ అన్నవాళ్లున్నా వినలేదు.

మనకూ అలాంటి రాత్రి ఒకటుంది, ఎవరూ పెద్దగా తలుచుకోరు. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా మొదటి యూనిట్‌లో టర్బైన్ బ్లేడ్లు విరిగాయి. యంత్రం ఊగిపోయి జనరేటర్‌లోని హైడ్రోజన్ లీకైంది, మంట అంటుకుంది. మామూలు కరెంటు కేబుళ్లూ అత్యవసర కేబుళ్లూ ఒకే దారిలో వేసి ఉండటంతో అన్నీ కలిసి కాలిపోయాయి. కంట్రోల్ రూమ్ నిండా పొగ. సిబ్బంది బయటికి రావాల్సి వచ్చింది. కొందరు ఆపరేటర్లు బ్యాటరీ టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ ద్రావణాన్ని రియాక్టర్‌లోకి వదిలారు, గొలుసు చర్య మళ్లీ మొదలవకుండా. మంటలార్పడానికి పెట్టుకున్న డీజిల్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లు పంపారు. పదిహేడు గంటలు కేంద్రంలో కరెంటే లేదు. రేడియేషన్ బయటికి రాలేదు గానీ, ఆ బ్లేడ్ల డిజైన్‌తో ఇబ్బందుందన్న హెచ్చరిక అంతకు ముందే వచ్చిందని, మార్పిడి జరగలేదని అణు శక్తి నియంత్రణ మండలి మాజీ చైర్మన్ ఎ.గోపాలకృష్ణన్ తర్వాత బాహాటంగానే రాశారు. రియాక్టర్‌కు సంబంధం లేని టర్బైన్ దగ్గర, వాయిదా పడిన ఒక రిపేరు ఎంతదాకా తెచ్చిందో చూడండి. వెయ్యి మెగావాట్ల రియాక్టర్ ఒక్కరోజు ఆగితే 2.4 కోట్ల యూనిట్ల కరెంటు పోతుంది. అప్పుల కింద నలిగే కేంద్రంలో "వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాంలే" అనిపించడం చాలా తేలిక. ఖర్చునూ భద్రతనూ విడదీసి మాట్లాడలేమని నేననేది అందుకే.

ఏపీ1000 డిజైన్ ఈ విషయంలో నిజంగానే మెరుగు. రక్షణ కవచం నెత్తిన పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది. కరెంటు పూర్తిగా పోయినా ఆ నీళ్లు వాటంతటవే కిందికి జారి 72 గంటలు చల్లబరుస్తాయి, మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు. తర్వాత మాత్రం ట్యాంకు నింపాలి. శ్రీకాకుళం వాళ్లకు ఇక్కడో మాట గుర్తుకు రావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం పల్లెల్లో కరెంటు రావడానికి మూడు రోజులు కాదు, అంతకన్నా చాలా ఎక్కువే పట్టింది. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. నాలుగో రోజు కొవ్వాడకు డీజిల్, నీళ్లు, మనుషులు ఏ దారిన చేరతారన్నది అమెరికా డిజైన్ పత్రాల్లో దొరకదు. జిల్లా యంత్రాంగం రాసుకోవాల్సిన ప్లాన్ అది. మత్స్యకారులకు ఇంకో లెక్క కూడా చెప్పాలి. పుట్టిన వేడిలో మూడో వంతే కరెంటు అవుతుంది. ఆరు యూనిట్లూ నడిస్తే మిగిలిన దాదాపు 13 వేల మెగావాట్ల వేడి వెళ్లేది వాళ్లు వల వేసే సముద్రంలోకే.

పరిహారం విషయంలో పరిస్థితి వెనక్కి వెళ్లింది. భోపాల్ అనుభవంతో 2010లో చేసిన అణు నష్ట బాధ్యత చట్టం, నాసిరకం పరికరం వల్ల ప్రమాదం జరిగితే సరఫరాదారు మీదికి వెళ్లే హక్కు ఆపరేటర్‌కు, అంటే కేంద్రాన్ని నడిపే సంస్థకు ఇచ్చింది. విదేశీ కంపెనీలు ఇన్నేళ్లూ జంకింది ఆ సెక్షన్ చూసే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ (SHANTI) అనే కొత్త అణు శక్తి చట్టం దాన్ని తీసేసింది. కాంట్రాక్టులో రాసుకుంటేనో, కావాలని చేసిన నష్టమైతేనో తప్ప సరఫరాదారును అడగలేం. ఆపరేటర్ బాధ్యతకు కూడా రియాక్టర్ సైజును బట్టి పరిమితి, గరిష్ఠంగా 3,000 కోట్లు. ఫుకుషిమా బాధితులకు అక్కడి కంపెనీ ఇప్పటిదాకా చెల్లించింది మన లెక్కలో ఐదు లక్షల కోట్లకు పైమాటే.

మరి కొవ్వాడ అక్కర్లేదా? అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. విశాఖలో గూగుల్ ప్రకటించిన లాంటి డేటా సెంటర్లకు పగలూ రాత్రీ ఒకే తీరున కరెంటు కావాలి. సోలార్ ఎంత చవకైనా పొద్దు గుంకాక ఇవ్వదు. బొగ్గు పొగ సంగతి చెప్పక్కర్లేదు. అయితే పగటిపూట సోలార్ పొంగిపొర్లే మన గ్రిడ్‌లో మధ్యాహ్నం అణు కరెంటు తగ్గించమన్నా, కరెంటు తీసుకోకపోయినా కట్టాల్సిన ఫిక్స్‌డ్ చార్జీలు తప్పవు. అది మళ్లీ ట్రూఅప్ పేరుతో, అంటే పెరిగిన ఖర్చు తర్వాత వసూలు చేసే లెక్కలో, ఇంటి బిల్లులోకి వస్తుంది. నా ఓటు మన ఇంజనీర్లకు అలవాటైన 700 మెగావాట్ల స్వదేశీ రియాక్టర్లకు. వాటి లోపాలు మనకు తెలుసు, విడిభాగాలు ఇక్కడే దొరుకుతాయి, ఇంధనం ఎన్‌ఎఫ్‌సీ నుంచి వస్తుంది. ఎమిరేట్స్‌లోని బరాకాలో కొరియా వాళ్లు నాలుగు యూనిట్లూ కట్టి పూర్తి చేయగలిగారంటే, సొంత దేశంలో ఒకటే డిజైన్‌ను మళ్లీ మళ్లీ కట్టి చెయ్యి తిరిగి ఉండటమే కారణం.

ఒకవేళ వెస్టింగ్‌హౌసే అని తేలితే, కనీసం జార్జియాలో చేసినట్టు చేయాలి. అక్కడ వోగల్ పని నడిచినన్నాళ్లూ ప్రతి ఆరు నెలలకోసారి కంపెనీ రాష్ట్ర కమిషన్ ముందుకొచ్చి ఎంత ఖర్చైంది, ఎంత ఆలస్యమైంది, ఎందుకు అని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ అణు విద్యుత్ టారిఫ్ ఇంతకాలం విద్యుత్ నియంత్రణ కమిషన్ల చేతిలో లేదు, కేంద్ర అణు శక్తి శాఖ నిర్ణయించిందే రేటు. కొవ్వాడ కరెంటు కొనే డిస్కంలు (పంపిణీ సంస్థలు) మాత్రం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఏపీఈఆర్‌సీకి జవాబుదారులే. కాబట్టి కొనుగోలు ఒప్పందం ముసాయిదాను, ధరకు పరిమితినీ ఆలస్యానికి జరిమానానూ అందులో రాసి, శంకుస్థాపనకు ముందే రణస్థలంలో బహిరంగ విచారణకు పెట్టమనాలి. సోంపేట, కాకరాపల్లి థర్మల్ ప్లాంట్ల విషయంలో జనాన్ని అడగకుండా ముందుకెళితే కాల్పుల దాకా పోయిన జిల్లా ఇది. రెండు వేల ఎకరాల పైచిలుకు భూమి, పదిహేనేళ్లుగా ఇల్లు కట్టుకోవాలో వద్దో తెలియని కుటుంబాలు, ఈసారి ఆ విచారణలో ముందు మాట్లాడాల్సింది వాళ్లు.