మహారాజశ్రీ మినిట్స్ పుస్తకం గారికి

మహారాజశ్రీ మినిట్స్ పుస్తకం గారి దివ్య సముఖానికి,

మన నాటక కళాపరిషత్తు కార్యవర్గ సభ్యులు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయ కుశలోపరి. కార్యదర్శి గారింట్లో అల్మారా పైన, పోయినేడు మిగిలిపోయిన జ్ఞాపికల పెట్టె కింద తమరు క్షేమమని తలుస్తాం.

మా సమావేశాల తీర్మానాలన్నీ రాసి ఉండే తమరిని తిరగేసినవాళ్లకి మా మీద అసూయ కలగాలి. ఏ పేజీ తీసినా 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది'. ఆహ్వాన పత్రికలో గౌరవాధ్యక్షుల ఫొటో పైన వెయ్యాలా, అధ్యక్షులది పైన వెయ్యాలా అని రెండు గంటలు కొట్టుకుంటాం. ఎవరో ఒకరు చెప్పులేసుకుని బయటికి పోతారు, బతిమాలితే వచ్చి కూర్చుంటారు. అదంతా తమరిలో 'ఆహ్వాన పత్రిక గురించి కూలంకషంగా చర్చించడమైనది' అన్న ఒక్క ముక్కయి కూర్చుంటుంది. పోటీల బడ్జెట్ ఎనిమిదో అంశం. అది వచ్చేసరికి బజ్జీలు చల్లారిపోయి ఉంటాయి. తొమ్మిది నాటికలు, ఒక్కో నాటక సమాజానికి పన్నెండు నుంచి పదిహేను మంది, వాళ్ల బస, భోజనాలు, దారి ఖర్చులు, పారితోషికం, ముగ్గురు న్యాయనిర్ణేతలు, లైట్లు, మైకులు. ఇన్నిటికీ కలిపి తమరిలో ఉండేది 'అగు ఖర్చులకు అనుమతించడమైనది'. ఎంతకి అనుమతించామో కోశాధికారికి తెలియాలి, లేదా ఆ నటరాజుకి తెలియాలి.

కోరం విషయంలో తమరి ఓర్పుకి జోహార్లు. బైలాస్ (పరిషత్తు నియమావళి) ప్రకారం మొత్తం సభ్యుల్లో మూడో వంతు మంది వస్తేనే సర్వసభ్య సమావేశం చెల్లుతుంది. జాబితాలో 210 మంది ఉంటే 70 మంది రావాలి. ఆ 210లో అరవై మంది కీర్తిశేషులు. పోయినవాళ్ల పేరు కొట్టెయ్యడం అపచారమని మనవాళ్ల నమ్మకం కాబట్టి, ఉన్న నూటయాభై మందీ పోయిన అరవై మంది బాకీ కూడా తీర్చాలి. వచ్చేది ముప్ఫై మంది. మిగతా సంతకాలు మర్నాడు తమరే స్కూటర్ మీద ఇంటింటికీ తిరిగి సంపాదించుకుంటారు. ఏటా మార్చిలో సభ్యుల రిజిస్టరు సరిచేసి, పోయినవాళ్లని విడిగా రాసుకుని, చందా బాకీ ఉన్నవాళ్లని కోరంలో లెక్కెయ్యాలో వద్దో బైలాస్‌లో ఒక వాక్యం చేర్చుకుంటే ఈ ఊరేగింపు తప్పుతుంది. కానీ బైలాస్ మార్చాలన్నా కోరం కావాలి!

ఆ బైలాస్ ఎప్పటివో తమరికి గుర్తుందా? సమావేశం నోటీసు 'సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్' ద్వారా, అంటే ఉత్తరం పోస్టు చేసినట్టు తపాలా ఆఫీసు ముద్ర వేయించుకుని పంపాలని ఉంటుంది. తపాలా శాఖ ఆ సదుపాయాన్ని 2011లోనే ఎత్తేసింది. ప్రత్యామ్నాయంగా రాసుకున్న రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు నోటీసంటే వాట్సాప్ గ్రూపులో శుభోదయం బొమ్మల మధ్య పడే ఒక ఫొటో. చాలదని కాదు. చాలుతుందని బైలాస్‌లో రాసుకోలేదు, అంతే.

ఇక స్మారక బహుమతులు. ఇక్కడ తమరి భాష శాసనాల స్థాయికి పోతుంది. ఒక దాత వచ్చి, "మా నాన్నగారి పేరు మీద ఏటా ఉత్తమ నటుడికి అయిదు వేలు ఇవ్వండి" అని రూ. 50,000 చేతిలో పెడతారు. 'సదరు మొత్తమును శాశ్వత నిధిగా స్వీకరించి, ఆచంద్రతారార్కం బహుమతి ప్రదానం చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' డిపాజిట్ మీద ఏడు శాతం వచ్చినా వడ్డీ రూ. 3,500. బహుమతి రూ. 5,000, షీల్డుకి ఎనిమిది వందలు, దాత కుటుంబానికి శాలువా, ఫ్లెక్సీలో నాన్నగారి ఫొటో కలిపి ఇంకో రెండు వందలు అనుకున్నా మొత్తం ఆరు వేలు. అంటే ఒక్కో మహానుభావుడి జ్ఞాపకానికి పరిషత్తు ఏటా రూ. 2,500 చేతి చమురు వదిలించుకుంటోంది. అలాంటి నిధులు పది ఉంటే పాతిక వేలు. ఒక సమాజానికి ఇచ్చే పారితోషికం దాంట్లో కొట్టుకుపోతుంది. ఆ ఆరు వేలు వడ్డీగానే రావాలంటే దాత ఇవ్వాల్సింది దాదాపు రూ. 86,000. అంత అడగడానికి మొహమాటమైతే తీర్మానంలో 'అయిదు వేలు' అన్న అంకె తీసేసి 'ఖర్చులు పోను మిగిలిన వడ్డీ' అని రాస్తే చాలు. వడ్డీ రేటు తగ్గిన ఏడు బహుమతీ తగ్గుతుంది, పరిషత్తు మునగదు.

ఇంకో చిక్కుంది. ఈ విరాళం మూలనిధికి, అంటే అసలు ముట్టుకోని శాశ్వత నిధికి మాత్రమేనని దాత సంతకంతో ఒక ఉత్తరం ఉండాలి. మనం శాలువా కప్పుతాం గానీ ఉత్తరం అడగం. ఉత్తరం లేకపోతే పన్ను లెక్కల్లో అది ఆ ఏటి మామూలు ఆదాయమే, అందులో 85 శాతం సంస్థ పనులకి ఖర్చు చూపించాల్సిందే. తమరు రాసిన ఆచంద్రతారార్కం మార్చి 31తో సరి.

వేదిక మీద ప్రకటించే విరాళాల ముచ్చట వేరు. ముఖ్య అతిథి మైకు పట్టుకుని లక్ష అంటారు. తమరు 'హర్షధ్వానాల మధ్య' అని రాసుకుంటారు. హర్షధ్వానాల్ని జమ చేసుకునే బ్యాంకు ఇంకా రాలేదు. కోశాధికారి ఆర్నెల్లు ఫోన్లు చేసి, ఇక లాభం లేదని, మళ్లీ వచ్చే ఏడు ఆయన్నే ముఖ్య అతిథిగా పిలవాలంటారు. ఏకగ్రీవం. నిజంగా ఇచ్చేవాళ్లేమో నగదు తెస్తారు. రూ. 2,000 దాటిన నగదుకి దాతకి ఆదాయపు పన్ను మినహాయింపు రాదంటే, "అయితే మూడు రసీదులుగా కొయ్యండి" అంటారు. పాన్ నంబరు అడిగితే అనుమానంగా చూస్తారు. పాన్, ఆధార్ లాంటి గుర్తింపు నంబరు ఏదీ లేకుండా దాతల జాబితా మే 31లోగా పన్ను శాఖకి ఆన్‌లైన్‌లో ఎక్కించడం కుదరదు. ఆలస్యమైతే రోజుకి రూ. 200. జూన్ అంతా నిద్రపోతే ఆరు వేలు, అంటే ఒక ఉత్తమ నటుడు, షీల్డుతో సహా.

ఫ్లెక్సీల కాంట్రాక్టు కోశాధికారి గారి బావమరిదికే ఎందుకు పోతుందో తమరిలో ఎక్కడా లేదు. ఆయన తక్కువకే వేస్తాడు, నిజమే. అలాంటప్పుడు మూడు కొటేషన్లు తీసుకుని, చర్చ జరిగినంతసేపు కోశాధికారి గారు వరండాలో కూర్చుని, ఆ సంగతి తమరిలో రెండు లైన్లు పడితే ఆయన పరువే నిలబడేది. అమెరికాలో మన తెలుగు సంఘాలవాళ్లు ఏటా పన్ను శాఖకి ఇచ్చే 990 ఫారంలో ఈ రెండూ సూటిగా అడుగుతారు: మీ సమావేశాల మినిట్స్ ఎప్పటికప్పుడు రాస్తున్నారా, స్వప్రయోజనాలు అడ్డొచ్చినప్పుడు ఏం చెయ్యాలో రాతపూర్వకంగా విధానం ఉందా అని. అక్కడ కొట్టుకోరని కాదు, కొట్టుకున్నా కాగితం ఉంటుంది.

తమరు ఎన్నడూ చూడని తీర్మానం ఒకటుంది: 'నాటికల మధ్యలో జరిపే సభ ఇరవై నిమిషాలు మించరాదు.' మొదటి నాటిక ఆరున్నరకి మొదలైతే ఏడున్నరకి అవుతుంది. సెట్టు విప్పి ఇంకో సెట్టు కట్టడానికి అరగంట. రెండోది తొమ్మిదికి ముగుస్తుంది. మూడో సెట్టు అరగంటలో తెర వెనక సిద్ధం. తెర ముందు మాత్రం పద్నాలుగు మందికి సన్మానం, ఒక్కొక్కరికీ రెండు మాటలు. తెర లేచేది పదికి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం హైస్కూల్ గ్రౌండులో మైకు ఆపాల్సింది కూడా సరిగ్గా పదికే. తలుపులు మూసిన ఆడిటోరియంలో అయితే లోపలివరకు పర్వాలేదు. ఆరుబయట అర్ధరాత్రి దాకా కావాలంటే ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా ఇచ్చే సడలింపులో మన తేదీలుండాలి, చేతిలో కాగితముండాలి. లేకపోతే ఎస్సై గారు పతాక సన్నివేశానికే వస్తారు. దూరం నుంచి సెట్టు మోసుకొచ్చిన సమాజం ఖాళీ కుర్చీల ముందు ఆడి వెళ్తుంది. శాలువాలు మాత్రం అందరికీ అందినట్టు తమరిలో నమోదవుతుంది.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి మన గడ్డ మీద పరిషత్తులకి కొదవ లేదు, ఒకటి రెండుగా చీలడానికీ కొదవ లేదు. తమరి అసలు వైభవం అప్పుడే. ఇరువర్గాలూ తలా ఒక మినిట్స్ పుస్తకం కొని, అవతలివాళ్లని ఏకగ్రీవంగా బహిష్కరిస్తారు. ఇద్దరి ఉత్తరాలూ అందుకున్న బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా కార్యవర్గం జాబితాని రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. మనం ఆఖరిసారి ఇచ్చిన జాబితాలో అధ్యక్షుల వారు కీర్తిశేషులు. తగవు మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో పోతుంది. అక్కడ అడిగేది పాత ఫొటోలు కాదు, షీల్డులు కాదు. అసలు పుస్తకం తెమ్మంటారు. అప్పుడు జ్ఞాపికల పెట్టె దించి, దుమ్ము దులిపి, తమరిని పట్టుగుడ్డలో చుట్టి తీసుకెళ్తాం. పేజీలకి అచ్చు నంబర్లుండవు. మధ్యలో రెండు కాగితాలు బంకతో అంటించి ఉంటాయి. పోయిన సమావేశం మినిట్స్ కింద అధ్యక్షుల సంతకం ఉండాల్సిన చోట టీ గ్లాసు మచ్చ ఉంటుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయులు,
కార్యవర్గ సభ్యులు (ఏకగ్రీవంగా)

తా.క.: 47వ పేజీలో తీర్మానానికీ మొదటి సంతకానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలారు. దాన్ని అడ్డగీత కొట్టి మూసెయ్యమని కార్యదర్శి గారికి రెండుసార్లు చెప్పాం. "ఉండనివ్వండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అన్నారు.