గుడ్డి కొంగలు ఎన్ని?

ఆఫీసులో మా పక్క సీటువాడి కంప్యూటర్ తెర మీద ఒక పాలపిట్ట ఉంటుంది, రెక్కలు విప్పుకుని, నీలంగా. దసరా నాడు దాన్ని ఒక్కసారి చూడాలని మేం ఇంటిల్లిపాదీ ఊరి చివరి దాకా పోతుంటే వీడు రోజూ టీ తాగుతూ చూస్తాడు. ఒళ్లు మండి, హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు చూపించే ట్రిప్పుకి పేరిచ్చేశాను. ఏడుగురం, ఒక గైడ్. దూరం పక్షుల్ని దగ్గరగా చూపించే 150-600 కెమెరా లెన్స్ ఒకటి అద్దెకు తెచ్చా. రెండు కిలోలు. మెడకి రోలు కట్టుకున్నట్టే ఉంది.

మట్టి రంగు బట్టలు వేసుకోమని గైడ్ కుర్రాడు ముందే మెసేజ్ పెట్టాడు. ఫుల్ చేతులది నాకున్నది ఒకటే, ఆఫీసువాళ్లు పంచిన పసుప్పచ్చ టీషర్టు. తెల్లారి ఆరింటికి నన్ను చూసి, "పర్లేదన్నా, మీరు వెనకాల ఉండండి" అన్నాడు.

2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు అది, చలికాలం ఫ్లెమింగోలు కూడా వస్తాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లే అనుకోండి. అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. నేను నాలుగడుగులు ముందుకేశానో లేదో, గట్టు మీది తీతువు లేచి ఊరంతా చాటింపు వేసినట్టు అరిచింది, ఆ అరుపుకి నీళ్లలో ఉన్న బాతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి, ఐదుగురూ కెమెరాలు దించి నా టీషర్టు వైపు చూశారు. మాతో వచ్చిన రిటైర్డ్ అంకుల్ మాత్రం కళ్లకి బైనాక్యులర్ తీయకుండా, "ఎగిరేటప్పుడే లెక్కపెట్టడం సులువు" అని నోట్‌బుక్‌లో అంకె వేసుకున్నారు. ఎంత మంచి మనిషో.

ఆ అవమానంలో పక్కకి జరిగి చూస్తే, తుంగలో గోధుమరంగుగా, మెడ ముడుచుకుని, గుడ్డి కొంగ! దగ్గరికెళ్లినా కదలదు కాబట్టి దానికి కళ్లు కనపడవనుకుని మనవాళ్లు ఆ పేరు పెట్టారు. ఎగిరే పక్షికి షట్టర్ సెకనులో రెండువేలో వంతు పెట్టమన్నాడు కదా గైడ్, ఇది ఎప్పుడైనా ఎగరొచ్చని అదే పెట్టి నలభై మూడు ఫొటోలు తీశా. నిలబడి, కూచుని, చివరికి బురదలో మోకాళ్ల మీద. ఎంత ఓపికైన కొంగ అనుకున్నా.

అంకుల్ వెనక నుంచి మెల్లగా, "బాబూ, అది తుమ్మ మొద్దు" అన్నారు.

కాదండీ అనబోతూ ఒక అడుగు వెనక్కి వేశా. అసలు కొంగ అక్కడ ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు, నా మడమ పక్కనే. కూచున్నంతసేపూ మట్టిలా ఉండేది లేచేసరికి తెల్లటి రెక్కలు విప్పుతుంది, మొహం మీద ఎవరో దుప్పటి దులిపినట్టయింది. వెల్లకిలా పడ్డా. లెన్స్‌కి కట్టిన డిపాజిట్ గుర్తొచ్చి రెండు చేతులతో దాన్ని పైకెత్తి పట్టుకున్నా, మిగతా నేనంతా బురదలోకి పోయా. అప్పటిదాకా ఫ్లెమింగో కోసం చూస్తున్న ఐదు కెమెరాలు ఇటు తిరిగాయి, టకటకమని ఒకటే చప్పుడు.

గైడ్ చెయ్యిచ్చి లేపాడు. "అన్నా, ఇప్పుడు మీ బట్టల రంగు కరెక్టుగా ఉంది."

తొమ్మిదింటికి గట్టు మీద టీ తాగుతూ అందరూ లెక్కలు సరిచూసుకుంటున్నారు. అంకుల్ పెన్సిల్ తీసి, "గుడ్డి కొంగలు ఎన్ని రాయను?" అన్నారు.

"తొమ్మిది అంకుల్" అని గైడ్ నా వైపు చూసి, "అన్నని కలిపితే పది."