గైనో సర్జరీ తర్వాత "నెల దాటినా తేడా ఉంటే ఫెయిల్ అయినట్టే" అంటున్న ఆ మెసేజ్ గురించి

మగవాళ్ళకి రొమ్ము పెరగడాన్నే గైనో (గైనకోమాస్టియా) అంటారు, దాన్ని తీసేసే సర్జరీ గురించి ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకే ముగ్గురు పంపించారు, అందులో ఒక తమ్ముడికి సర్జరీ అయ్యి అప్పటికి 20 రోజులే. అది చదివి రాత్రంతా నిద్రపోలేదంట, పొద్దున్నే అద్దం ముందు నిలబడి తీసిన ఫోటోలు పంపి "అన్నా నా పని అయిపోయిందా" అని అడిగాడు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ. గైనో సర్జరీ అయ్యాక మొదటి వారం ఎంత వాపు వచ్చినా పట్టించుకోవద్దు, అందరికీ వస్తుంది. నెల దాటాక రెండు వైపులా ఒకేలా లేకపోతే మాత్రం సర్జన్ చెడగొట్టినట్టే. చేతికి గట్టిగా తగిలితే గ్లాండ్ (లోపలి రొమ్ము గ్రంథి) మిగిల్చేశాడని అర్థం, మంచి సర్జన్ ఒక్క ముక్క కూడా ఉంచడు. వెస్ట్ (సర్జరీ తర్వాత ఛాతీకి వేసుకునే బిగుతు బనియన్) ఎంత టైట్‌గా వేసుకుంటే అంత ఫ్లాట్‌గా వస్తుంది. తేడా కనిపిస్తే వెంటనే రివిజన్ (సరిచేయడానికి మళ్ళీ సర్జరీ) చేయించుకోవాలి, లేట్ చేస్తే లోపల అలాగే సెట్ అయిపోతుంది.

నేను డాక్టర్ని కాదు, ఇదే సర్జరీ రెండు వైపులా చేయించుకుని ఏడాదంతా ఆ ఎత్తుపల్లాలు చూసినవాణ్ణి, నా సర్జన్‌ని ప్రతి రివ్యూలో ప్రశ్నలతో విసిగించినవాణ్ణి. ఈ మెసేజ్‌లో నాకు బాగా కోపం తెప్పించింది ఏంటంటే, పరిగెత్తాల్సిన రోజుల్లో ఊరుకోమంటోంది, ఊరుకోవాల్సిన నెలల్లో పరిగెత్తమంటోంది. సరిగ్గా తలకిందులు. ఒక్కోటీ చూద్దాం, ముందు ప్రమాదకరమైన దానితో మొదలుపెడతా.

"మొదటి వారం ఎంత వాపు వచ్చినా పట్టించుకోవద్దు"

మామూలు వాపు అందరికీ వస్తుంది, నిజమే. రెండు వైపులా ఉబ్బుతుంది, కమిలి నల్లగా పచ్చగా రంగులు మారుతుంది, ఆ కమిలింది ఒక్కోసారి పక్కటెముకల మీదకీ పొట్ట పైభాగానికీ జారుతుంది కూడా, భయపడక్కర్లేదు. కానీ ఈ సర్జరీలో తొందరగా వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువగా కనపడేది హెమటోమా, అంటే లోపల రక్తం కారి ఒకచోట చేరడం, అది ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. దాని లక్షణం ఏంటంటే ఒక్క వైపే, కాసేపట్లోనే, చూస్తుండగా ఉబ్బుతుంది, చర్మం బిగుసుకుపోతుంది, పొద్దున లేని నొప్పి సాయంత్రానికి మొదలై ఇంకా పెరుగుతూ పోతుంది. డ్రెయిన్ (లోపల చేరే రక్తం, నీరు బయటికి పోయే గొట్టం) పెట్టారు కదా ఏం కాదులే అనుకోవద్దు, డ్రెయిన్ ఉన్నా రావచ్చు. ఇలా అయితే పొద్దునదాకా కూడా ఆగకూడదు, అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయాల్సిందే, కొందరికి మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళి రక్తం తీసేసి కారుతున్న రక్తనాళాన్ని మూసేయాల్సి వస్తుంది. అప్పుడు ఊరుకుంటే పైన ఉన్న చర్మానికీ చనుమొనకీ రక్తం సరిగ్గా అందదు, తర్వాత నెలల తరబడి ఉండే గట్టిదనానికీ తేడాకీ కూడా అదే కారణం అవుతుంది. అంటే ఏ తేడా గురించి ఈ మెసేజ్ భయపెడుతోందో దాన్ని తెచ్చిపెట్టే సలహా కూడా ఇదే ఇస్తోంది!

జ్వరం రావడం, చర్మం ఎర్రబడి వేడిగా అవడం, కుట్ల దగ్గర చీము, చనుమొన నల్లబడటం, ఇవి ఉన్నా అంతే, వెంటనే చెప్పాలి.

"నెల దాటాక రెండు వైపులా ఒకేలా లేకపోతే ఫెయిల్"

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనసు విరిచేసేది ఇదే.

ముందు లోపల ఏం జరిగిందో ఆలోచించండి. బయట కనిపించేది చనుమొన చుట్టూ ఉన్న ముదురు రంగు చర్మం అంచున చిన్న అర్ధచంద్రం లాంటి గాటు, పక్కన ఎక్కడో లైపోసక్షన్ (కొవ్వు పీల్చేసే) గొట్టం పెట్టిన చిన్న రంధ్రం. అది చూసి చిన్న గాయమే కదా అనుకుంటాం, కానీ లోపల కాలర్ ఎముక కింద నుంచి పక్కటెముకల దాకా గొట్టం అటూ ఇటూ తిరిగి ఉంటుంది, చర్మానికీ కండకీ మధ్య ఆ ప్రాంతం మొత్తం గాయమే. ఆ గాయం మానడం మూడు దశల్లో జరుగుతుంది, మొదట వాపు, తర్వాత కొన్ని వారాలు కొత్త కణజాలం గబగబా గజిబిజిగా అల్లుకోవడం, ఆ తర్వాత నెలల తరబడి ఆ అల్లికని శరీరమే కరిగించి మళ్ళీ పద్ధతిగా పేర్చుకోవడం. ఈ మూడో దశ ఏడాది దాకా, కొందరికి ఇంకొంచెం ఎక్కువే సాగుతుంది, అంతా అయ్యాక కూడా మచ్చ బలం మామూలు చర్మం బలంలో 80 శాతం దాటదు. ఒక నెల అంటే మనం రెండో దశ చివర్లోనో మూడో దశ మొదట్లోనో ఉన్నట్టు. గోడకి ప్లాస్టరింగ్ జరుగుతుంటే తడి ఆరకముందే రంగు బాలేదనడం లాంటిది ఇది.

ఇక రెండు వైపులా ఒకే వేగంతో ఎందుకు మానవంటే, రెండు వైపులా జరిగిన పని ఒకటి కాదు కాబట్టి. గైనో చాలామందికి మొదటి నుంచీ ఒక వైపు ఎక్కువ ఉంటుంది, కొందరికి ఒక్క వైపే ఉంటుంది. గ్లాండ్ ఎక్కువున్న వైపు ఎక్కువ కోస్తారు, ఎక్కువ కోసిన వైపు ఎక్కువ వాస్తుంది, ఆ వాపు ఆలస్యంగా పోతుంది. నా ఎడమ వైపు అలాగే, సర్జరీకి ముందు అదే పెద్దది, ఆరో వారానికి కుడి వైపు దాదాపు చదునుగా ఉంటే ఎడమ వైపు షర్ట్‌లో నుంచి కనిపించేంత ఉబ్బుగా ఉండేది, నాలుగో నెల చివరికి గానీ రెండూ దగ్గరకి రాలేదు. ఆ మధ్యలో నేను ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు, ఎవరైనా ముందే ఈ లెక్క చెప్పి ఉంటే అంత ఏడ్చేవాణ్ణి కాదు.

పైగా అసలు మనిషి ఛాతీ రెండు వైపులా ఒకేలా ఉండదు. ఏ చేత్తో పని ఎక్కువ చేస్తామో ఆ వైపు కండ కాస్త ఎక్కువ, పక్కటెముకలు ఒక వైపు కొంచెం ముందుకి ఉండొచ్చు, చనుమొనలు ఒకటి పైకి ఒకటి కిందకి ఉండొచ్చు. గైనో ఉన్నన్నాళ్ళూ ఆ కొవ్వు కింద ఇవన్నీ దాగి ఉంటాయి, అది తీసేశాక బయటపడతాయి. అందుకే సర్జరీకి ముందు తీసిన ఫోటోలు అడిగి తీసుకోండి, "ఇప్పుడొచ్చింది" అనుకునే తేడా అందులోనే కనిపించొచ్చు.

చర్మం సంగతి కూడా ఉంది. లోపల సరుకు తగ్గాక పైన చర్మం ముడుచుకోవాలి, అది వయసుని బట్టి, చర్మం సాగే గుణాన్ని బట్టి, ముందు ఎంత పెద్దగా ఉండేదో దాన్ని బట్టి నెలలు పడుతుంది. గైనోని గ్రేడ్లుగా విడగొట్టే సైమన్ పద్ధతి 1973 నుంచి వాడుకలో ఉంది, అందులో 2ఎ, 2బి అని వేరు చేసిందే అదనపు చర్మం ఉందా లేదా అన్నదాని మీద, గ్రేడ్ 3 అయితే చర్మం బాగా ఎక్కువ ఉన్నట్టు. బరువు చాలా తగ్గి చర్మం వేలాడుతున్న వాళ్ళకి అది తనంతట తాను పూర్తిగా ముడుచుకోదు, చర్మం కూడా తీయాల్సి రావచ్చు. ఈ మాట సర్జరీకి ముందే అడిగి తెలుసుకోవాలి.

"గట్టిగా తగిలితే గ్లాండ్ మిగిల్చేసినట్టే"

రెండో వారం నుంచి చనుమొన కింద గట్టిగా, చిన్న చిన్న ఉండల్లా తగలడం చాలా మామూలు. అది పైన చెప్పిన గజిబిజి అల్లికే, లోపలి మచ్చ అన్నమాట, కొన్ని వారాలు గట్టిపడుతూ పోయి తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లో మెల్లగా మెత్తబడుతుంది. మచ్చకీ గ్లాండ్‌కీ తేడా వేలితో నొక్కి మనం చెప్పలేం, రోజుకి పదిసార్లు నొక్కి చూసుకుంటే నొప్పీ భయమూ పెరగడం తప్ప ఏం రాదు, నేనూ అదే చేశా కాబట్టి చెప్తున్నా. సర్జన్‌కి అనుమానం వస్తే అల్ట్రాసౌండ్ చేయిస్తారు.

ఇంకోటి, గట్టిగా కాకుండా నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టు ఉంటే అది సెరోమా, నీరు చేరడం. సూదితో తీసేస్తారు, ఒక్కోసారి రెండు మూడు సార్లు తీయాలి. దీన్ని వారాల తరబడి వదిలేస్తే చుట్టూ పొర కట్టుకుని మొండిగా తయారవుతుంది, కాబట్టి ఇది చెప్పాల్సిన విషయమే.

తిమ్మిరీ అంతే. చనుమొనలో స్పర్శ లేకపోతే కంగారు పడతారు, తెగిన సన్నని నరాలు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి, అందుకే నెలలు పడుతుంది, మధ్యలో సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు అనిపించొచ్చు. కొద్దిమందికి కొంత తిమ్మిరి ఉండిపోతుంది కూడా.

"మంచి సర్జన్ ఒక్క ముక్క కూడా ఉంచడు"

ఇది పూర్తిగా తప్పు. చనుమొన వెనకాల పలచగా కొంత గ్లాండ్ కావాలనే ఉంచుతారు, బటన్ లాగా, సుమారు సెంటీమీటరు మందం. మొత్తం ఊడ్చేస్తే చనుమొన కింద ఆధారం ఉండదు, అది లోపలికి కుంగి కండకి అతుక్కుపోతుంది, చేయి ఎత్తితే గుంట పడుతుంది, చనుమొనకి వెళ్ళే రక్తం కూడా తగ్గొచ్చు. దీన్నే క్రేటర్ అంటారు. కాస్త ఎక్కువ మిగిలితే తర్వాత తీయడం తేలిక, ఎక్కువ తీసేస్తే నింపడం కష్టం, వేరే చోట నుంచి కొవ్వు తెచ్చి ఎక్కించాలి, అందులో కొంత శరీరం పీల్చేసుకుంటుంది. "డాక్టర్ గారూ మొత్తం తీసేయండి, ఏమీ ఉంచొద్దు" అని పట్టుబట్టేవాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

"వెస్ట్ ఎంత టైట్ అయితే అంత ఫ్లాట్"

వెస్ట్ పని వాపు తగ్గించడం, చర్మం కిందకి అతుక్కునేలా పట్టి ఉంచడం, నీరు చేరే ఖాళీ లేకుండా చూడటం. ఛాతీని నొక్కి షేప్ చేయదు. మరీ బిగిస్తే చర్మం బొబ్బలెక్కుతుంది, ఊపిరి సరిగ్గా ఆడదు, వెస్ట్ మడత పడిన చోట గాడి పడుతుంది, కొత్తగా అతుక్కుంటున్న చర్మంలో ఆ గాడి అలాగే కొన్నాళ్ళు ఉండి ఇంకో కొత్త తేడాలా కనిపిస్తుంది. గట్టిగా పట్టి ఉండాలి, ముడతలు ఉండకూడదు, పూర్తిగా ఊపిరి పీల్చుకోగలగాలి. సాధారణంగా 4 నుంచి 6 వారాలు వేస్తారు, మీ సర్జన్ చెప్పిందే లెక్క.

ఈ విషయంలో వెస్ట్ కన్నా సిగరెట్ మానేయడం ముఖ్యం. నికోటిన్ సన్నని రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది, చనుమొన బతికేదే ఆ సన్నని నాళాల మీద. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానేయమని సర్జన్లు చెప్పేది అందుకే, దయచేసి పాటించండి.

"వెంటనే రివిజన్, లేటైతే సెట్ అయిపోతుంది"

సెట్ అయ్యేదాకా ఆగడమే రివిజన్‌కి మొదటి నియమం. వాపూ లోపలి మచ్చా ఉండగా కోస్తే ఏది వాపో ఏది గ్లాండో ఏది మచ్చో సర్జన్‌కే సరిగ్గా తేలదు, వాపుని గ్లాండ్ అనుకుని తీస్తే ఆ వాపు తగ్గాక అక్కడ గుంటే మిగులుతుంది. అందుకే హెమటోమా, ఇన్ఫెక్షన్ లాంటి అర్జెంట్ కారణం లేకపోతే కనీసం ఆరు నెలలు, చాలామంది ఏడాది దాకా ఆగమంటారు.

అలాగని ప్రతి తేడా తనంతట తానే పోతుందని నేను అనట్లేదు. ఆరు నెలలు దాటాక కూడా చనుమొన కింద గుంట అలాగే ఉంటే, ఒక వైపు పెద్ద ముద్ద మిగిలి నెలనెలా ఏ మార్పూ లేకపోతే, చర్మం వేలాడుతుంటే, అది నిజంగా సరిచేయాల్సిన తేడా, అడగడానికి మొహమాటపడక్కర్లేదు, ఇంకో సర్జన్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోవడం కూడా మీ హక్కే. తేల్చుకోవడానికి నెలకి ఒక్కసారి, అదే వెలుతురులో, అదే దూరం నుంచి, ముందూ రెండు పక్కలా చేతులు ఎత్తీ దించీ ఫోటోలు తీసుకోండి. రోజూ అద్దంలో చూస్తే ఏమీ తెలియదు, ఒకటో నెలా నాలుగో నెలా పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మెసేజ్‌లో అసలు ఊసే లేనిది ఒకటుంది, గైనో ఎందుకొచ్చింది అన్నది. అనబాలిక్ స్టెరాయిడ్లు, స్పైరోనోలాక్టోన్, రిస్పెరిడోన్ లాంటి మందులు, లివర్ జబ్బు, హార్మోన్ల తేడా, వీటిలో ఏదో ఒకటి ఇంకా నడుస్తుంటే మిగిల్చిన ఆ కొంచెం గ్లాండ్ మళ్ళీ పెరగొచ్చు. జిమ్‌లో స్టెరాయిడ్లు కొనసాగిస్తూ సర్జన్‌ని తిడితే లాభం లేదు. డాక్టర్ రాసిన మందులైతే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌తోనే మాట్లాడండి.

ఆ తమ్ముడి సంగతి చెప్పాలి కదా. ఫోటోల్లో కుడి వైపు ఉబ్బుగా ఉంది, నొక్కితే కదులుతోంది అన్నాడు, నేను తేల్చలేను కాబట్టి రివ్యూ డేట్ దాకా ఆగకుండా వెళ్ళి చూపించమన్నా. సెరోమానే. సూదితో తీశారు, అయిదు రోజులకి మళ్ళీ చేరితే ఇంకోసారి తీశారు. రెండు వైపులా ఇప్పటికీ ఒకేలా లేవు, ఇంకా రెండో నెలే. రివిజన్ మాట ఆరో నెల ఫోటోలు చూశాకే మాట్లాడదామని వాళ్ళ సర్జన్ చెప్పారంట, వాడు సరే అన్నాడు.