లాగ్ బుక్కు నింపడమే పరిశోధన

డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ పరిశోధన చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లు ఒక్కసారి ఫైనలియర్ పిల్లల లాగ్ బుక్కులు తెరిచి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఫస్టియర్ అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెకండియర్ అయ్యాక ఇంకో రెండు నెలలు, ఆ తర్వాత ఒక సెమిస్టరు మొత్తం. ఉద్దేశం బంగారం. కాకపోతే మండల కేంద్రంలో బీఎస్సీ ఎంపీసీ చదివే అమ్మాయికి బస్సు పాసు చెల్లేంత దూరంలో ఉన్న పరిశ్రమలు ఒక రైసు మిల్లు, ఒక పెట్రోలు బంకు, రెండు సెల్ షాపులు.

అయితే ఏం, సెల్ షాపులో ఫిజిక్స్ లేదా? స్క్రీన్ గార్డు అంటించి, కింద మిగిలిన గాలి బుడగని పాత ఏటీఎం కార్డుతో అంచుదాకా నెడితే, రిపోర్టులో అది ‘సెమీకండక్టర్ పరికరాల నిర్వహణలో తలతన్యత పాత్ర’ అవుతుంది. ఓనరు ఇండస్ట్రీ మెంటార్ అవుతాడు. ‘బాబాయ్, ఇక్కడో సంతకం’ అంటే ‘స్టాంపు కూడా వెయ్యమంటావా అమ్మా’ అంటాడు పాపం, మంచి మనిషి.

అసలు ఘనత లాగ్ బుక్కుది. ఏ రోజుకారోజు ఏం చేశారు, ఏం నేర్చుకున్నారు, పక్కన ఇన్‌చార్జి సంతకం. ఆ నెలల తరబడి చరిత్ర అంతా సబ్మిషన్‌కి ముందు రాత్రి, మూడు రకాల పెన్నులతో (ఒకే ఇంకు అయితే వైవాలో దొరికిపోతారని సీనియర్ల ఉవాచ), తెల్లారేలోపు పూర్తవుతుంది. రాసే ఊపులో సంక్రాంతి నాడు కూడా ‘కెపాసిటర్లు పరీక్షించితిని’ అని పడిపోతుంది. కాలం సాగుతుందని ఐన్‌స్టీన్ 1905లో కాగితం మీద చెప్పి ఊరుకున్నాడు, చేసి చూపించింది మాత్రం మన పిల్లలే.

మరి సి.వి. రామన్ సంగతేంటంటారా? విశాఖలో స్కూలు చదువు చదివిన ఆయన 1907లో అకౌంట్స్ శాఖలో చేరి, 1917 దాకా ప్రభుత్వ లెక్కలు చూసుకుంటూనే, కలకత్తాలో ఉన్నన్నాళ్లూ ఆఫీసుకి ముందూ ఆఫీసు అయ్యాకా ల్యాబులోనే గడిపాడట. బాగానే ఉంది. సంతకాలేవి? వీక్లీ రిపోర్టులేవి? నోబెల్ వాళ్లు 1930లో ఇవేమీ అడక్కుండా ఇచ్చేశారు గానీ, ఇక్కడైతే క్రెడిట్లు ఆగిపోయేవి.

ఈ మధ్య కొందరు చాదస్తులు ఒక సలహా ఇస్తున్నారు. కాలేజీ ల్యాబులోనే స్పెక్ట్రోమీటర్లు తుప్పు పడుతున్నాయి, సోడియం దీపం వెలగడం లేదు, ఆ సెమిస్టరేదో పెట్టి పిల్లల చేతే వాటిని విప్పించి బాగుచేయిస్తే నిజంగానే నాలుగు ముక్కలు వస్తాయి కదా అని. కుదరదండీ. సొంత కాలేజీ పరిశ్రమ కిందికి రాదు. పైగా ఆ బీరువా తాళం రిటైరైన మాస్టారి దగ్గర ఉండిపోయింది.