కళ్లమీది నల్లపట్టీ గారికి

గౌరవనీయులైన నల్లపట్టీ గారికి నమస్కారములు.

నిన్న రాత్రి మా బావమరిది తన ఫోన్‌లో చూపించిన రీల్‌లో తమ దర్శనభాగ్యం కలిగింది. ఈ చెంప నుంచి ఆ చెంప దాకా నోరు సాగదీయించుకుని, గార పట్టిన పళ్లను లోకానికి ప్రదర్శిస్తున్న ఒక పుణ్యాత్ముడి కళ్లను తమరు ఎంతో బాధ్యతగా కప్పి ఉంచారు. "ఇది మీ బంగారు పన్నే కదా బావా?" అన్నాడు వాడు.

పళ్లు చూపించుకోవడానికి డెంటల్ కాలేజీకి వెళ్లినవాడికి కళ్లు దాచాలన్న ఆలోచన ఎవరిదో గానీ, పెదవి పక్క పుట్టుమచ్చనూ, పైవరుసలో ముప్పయ్యేళ్లుగా మెరుస్తున్న తొడుగునూ మా వీధిలో పాలబ్బాయి సైతం గుర్తుపడతాడు. కళ్లు కప్పినంత మాత్రాన రోగి గుర్తింపు దాగదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ తన మార్గదర్శకాల్లోనే రాసింది. అది తమ చెవిన పడలేదంటే నమ్ముతాను, తమకు చెవులు లేవు గనుక. అయితే తమరు అంత శ్రద్ధగా కాపలా కాస్తున్నప్పుడే, పక్కన పెట్టిన ఎక్స్‌రే మూలన నా పేరు, వయసు, ఓపీ నంబరు వెలిగిపోతున్నాయే, అది కూడా కనబడలేదా?

అనుమతి ఇచ్చాను కదా అంటారు. చెంపలో దూది, పెదవికి మత్తు ఉండగా, "చదువు కోసం ఫొటోలు అంకుల్" అని హౌస్ సర్జన్ అమ్మాయి చాచిన ఇంగ్లిషు కాగితం మీద సంతకం పెట్టిన మాట నిజమే. సినిమా పాట జోడించి లైకులు లెక్కపెట్టుకోవడం కూడా బీడీఎస్ చదువులో భాగమని నాకు తెలియదు. అనుమతి ఏ పని కోసం తీసుకుంటే ఆ పనికే పరిమితమనీ, ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలనీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇవ్వడానికి నాకు అర నిమిషం పట్టింది. వెనక్కి తీసుకుందామని ఈరోజు పొద్దున పదింటి నుంచి ఓపీ కౌంటరు, డిపార్టుమెంటు, ప్రిన్సిపాల్ గది వరసగా తిరిగితే, మధ్యాహ్నం మూడింటికి "ఆ అమ్మాయి క్యాంపుకు వెళ్లింది, శుక్రవారం రండి" అన్నారు.

సిగ్గు లేదటయ్యా నీకు? నువ్వే లేకపోతే ఆ పిల్ల ఒక్క క్షణమైనా ఆగి ఆలోచించేది. నువ్వున్నావన్న ధైర్యంతోనే బటన్ నొక్కేసింది.

పాపం, ఆమె చేయి మాత్రం మంచిది. రూట్ కెనాల్ చేసినంతసేపూ నొప్పన్నదే తెలియలేదు, క్యాప్ కూడా ఆమె చేతే పెట్టించుకుంటాను. శుక్రవారం తమరు కూడా వేంచేసేట్లయితే, దయచేసి నాలుగు అంగుళాలు కిందికి దిగి కూర్చోండి.

ఇట్లు,
(పేరు ఎక్స్‌రే మూలన చూసుకోగలరు)