పురి మారితే జీన్ పనీ మారుతుంది

"జంట మెలిక కాని డీఎన్‌ఏ ఆకారాలన్నీ ల్యాబ్‌లో కనిపించే వింతలే" అని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు, నేనైతే ఒప్పుకోను. మా అంబాజీపేట వైపు కొబ్బరి పీచు తాడు పేనేటప్పుడు పురి మరీ ఎక్కిస్తే మధ్యలో ఎక్కడో తాడు మెలి తిరిగి ఎగదన్నుతుంది. జీన్‌ను చదివే ఎంజైమ్ నడుస్తుంటే డీఎన్‌ఏలోనూ అంతే, ముందు పురి బిగుస్తుంది, వెనక వదులవుతుంది, ఆ వదులైన చోటే ఎడమవైపు తిరిగే జెడ్-డీఎన్‌ఏ ఏర్పడే వీలుంటుంది (1979లో అలెగ్జాండర్ రిచ్ బృందం దాని క్రిస్టల్ నిర్మాణం చూపించింది).

అసలు విషయం జీ-క్వాడ్రుప్లెక్స్ అనే ఇంకో ఆకారానిది. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌లు ఎక్కువున్న చోట అవి నాలుగేసి చదరంగా చేరి, ఆ చదరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, మధ్యలో పొటాషియం అయాన్లు కూర్చుని వాటిని పట్టి ఉంచుతాయి. కేన్సర్‌తో సంబంధమున్న మిక్ జీన్ ప్రమోటర్‌లో (జీన్ చదవడం మొదలుపెట్టించే భాగంలో) ఇలాంటిది ఉంది, దాన్ని స్థిరపరిచే రసాయనం ఇస్తే ఆ జీన్ పని తగ్గిందని 2002లోనే చూపించారు. 2013లో కేంబ్రిడ్జ్‌వాళ్లు ఈ ఆకారానికి అంటుకునే యాంటీబాడీ (ఒక ప్రోటీన్) వాడి మనిషి కణాల్లోనే వీటిని చూశారు, ఇంకా ల్యాబ్ వింతేనా?

అలాగని ఇవి జీన్‌ను ఎప్పుడూ ఆపేస్తాయనీ అనుకోకండి. చురుగ్గా పనిచేసే జీన్ల ప్రమోటర్ల దగ్గరే ఎక్కువ కనిపిస్తున్నాయి, అది కారణమా ఫలితమా అన్న గొడవ ఇంకా నడుస్తోంది.